శని నడుమ సన్నపోగు

శనిదేవుణ్ణి చూడాలని ఎవరైనా మొక్కుకుంటారా? లోకంలో అందరూ ఆయన చూపు తమ మీద పడకూడదని నూనెలు పోస్తారు, నల్లబట్ట ఇస్తారు, కాకులకు ముద్దలు పెడతారు. సిద్దిపేటలో రాజమల్లయ్య ఒక్కడే ఎదురెళ్లి ఆయన్ని చూడాలని ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నాడు. చూడాలన్నది మొహం కూడా కాదు, నడుము. ఆ నడుము చుట్టూ ఉన్న వలయం. వలయంలో ఉన్న ఒక సందు.

ఈ పిచ్చి ఆయనకు భివండిలో వడాపావ్‌తో పాటు అంటుకుంది.

అప్పట్లో ఆయన వలసపోయి అక్కడి పవర్‌లూమ్ కార్ఖానాలో రాత్రి డ్యూటీ చేసేవాడు. ఇరవై రెండేళ్లు చేశాడు. అన్నేళ్లలో చూసిన ఆకాశమంతా కలిపి కుట్టినా ఒక తువ్వాలంత కాదు. ఒకనాడు వడాపావ్ చుట్టి ఇచ్చిన మరాఠీ పేపరు ముక్కలో ఒక బొమ్మ కనిపించింది. నల్లటి దాని మీద పసుప్పచ్చ ఉండ, ఉండకు పెద్ద అంచు. ఏదో టోపీల కంపెనీ ప్రకటన అనుకున్నాడు. పక్క మగ్గం మీద పనిచేసే మిరుదొడ్డి వీరయ్య అక్షరాలు కూడబలుక్కుని "శని" అన్నాడు.

"శనా? గింత ఎర్రగ బుర్రగ ఉంటడా? నల్లగుంటడంటరు గద?"

"ఫొటోకని పౌడరు కొట్టుకున్నడేమో తియ్" అన్నాడు వీరయ్య.

వడాపావ్ నూనె అంటి బొమ్మంతా మెరుస్తోంది. తైలాభిషేకం అప్పటికే అయిపోయిందన్నమాట. రాజమల్లయ్య ఆ ముక్కను మగ్గం గుంజకు అంటించాడు. దేవుడని కాదు. ఆ అంచులో గీతలున్నాయి. సన్నగా, వరుసగా, పక్కపక్కన. తాతల కాలం నుంచి మగ్గం మీద బతికిన మనిషి కంటికి అవి పడుగు పోగులు కాక మరేం కనిపిస్తాయి? ఎవడో గుండ్రంగా పడుగు వేశాడు. బాగానే వేశాడు. కానీ నడుమ ఒకచోట నల్లటి సందు వదిలేశాడు.

మామూలు మనిషి ఆ సందును చూసి పేజీ తిప్పేస్తాడు. రాజమల్లయ్యకు మాత్రం గుండెలో ముల్లు దిగినట్టయింది. బట్టలో సందు కనిపించిందంటే కారణాలు రెండే. పోగు తెగి ఉండాలి, లేదా మొదట్లోనే పన్నెలో ఎక్కించడం మరిచిపోయి ఉండాలి. పన్నె అంటే పోగులను వరుసలో నిలబెట్టే దువ్వెన. తెగితే కొస ఎక్కడో వేలాడుతుంది, పక్క పోగులను చెరుపుతుంది. మరిచిపోతే సందు శుభ్రంగా ఉంటుంది. శని చుట్టూ ఉన్నది ఏ రకం? బొమ్మలో తేలడం లేదు. పైగా సరిగ్గా అక్కడే నూనె మరక.

దగ్గరి నుంచి చూస్తే గానీ తేలదనుకున్నాడు. భివండి కార్ఖానాలో నిలబడి శనిని దగ్గరి నుంచి చూద్దామనుకున్న మగాడు ఆయన.

చూసే లోపే ఒక కన్ను పోయింది. మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి కుడికంటికి తగిలింది. ఆ తర్వాత యజమానికి ఆయనతో పని లేకుండా పోయింది. సిద్దిపేటకు తిరిగొచ్చి, ముందరి గదిలో పాత చేమగ్గం దులిపి, తువ్వాళ్లు నేయడం మొదలుపెట్టాడు. ఇల్లు రెండు గదులు. ఒకటిన్నర గది మగ్గానిదే. మిగిలిన అరలో ఆయనా, భార్య దుర్గవ్వా, పొయ్యీ సర్దుకున్నారు.

రెండేళ్ల కింద ఎడమకన్ను కూడా మొరాయించింది. కండ్ల దవాఖానలో డాక్టరమ్మ, కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని చెప్పింది. చూపు అంచుల నుంచి నడుమకు చీకటి నడిచొస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని మందు చుక్కలతో కాపాడుకోవాలి.

"ఎన్నేండ్లు కాపాడుకుంటమమ్మా?" అని అడిగాడు.

"చెప్పలేం పెద్దాయనా. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్లు ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా."

బయటికి వచ్చాక దుర్గవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే ఈయన లెక్కలు వేసుకుంటున్నాడు. ఉన్న అర కన్ను పోయే లోపల చూడాల్సినవి ఏమున్నాయి? భార్య మొహం రోజూ చూస్తున్నదే. తిరుపతి రెండుసార్లు అయింది. మిగిలింది ఆ సందొక్కటే.

తమ్ముడి కూతురు భవాని పాత బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్లో పనిచేస్తుంది. ఇరవై మూడేళ్లది. నోరు ఆ జిరాక్స్ మిషను కంటే స్పీడు. పెద్దబాపు ప్రశ్నలన్నీ ఫోన్లో టైపు చేసి ఆకాశం వీడియోల కింద పెట్టేది ఆమే.

"ఏమని కొట్టాల్నే పెద్దబాపూ?"

"శని సుట్టు ఉన్న సందుల పోగులు తెగినయా, ముందుగాల్నే ఎక్కియ్యలేదా అని కొట్టు."

"పోగులంటే వాళ్లకేం సమజైతది?"

"అంత దూరం ఫొటో తీసినోనికి పోగు సమజుగాదా?"

మూడు వీడియోల కింద పెట్టింది. ఒకచోట ఎవరో దండం బొమ్మ పెట్టారు. ఇంకోచోట "అంకుల్ ఈరోజు కూర ఏంటి" అని అడిగారు. మూడోచోట ఒకాయన శనిదోష నివారణకు తన నంబరు ఇచ్చాడు.

అయినా భవానికి ఆయనంటే తమాషాతో పాటు కొంచెం భయం కూడా ఉండేది. ఎందుకంటే అప్పుడప్పుడూ ఈ ముసలాయన నిజంగానే పట్టేస్తాడు. ఒకసారి అంతరిక్షంలోకి పంపిన కొత్త దుర్భిణి తీసిన చిత్రమని ఒకటి చూపించింది. చుక్కలు, రంగు రంగుల మబ్బులు. ఫోను కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"చుక్కలకు కొమ్ములున్నయి. లెక్కవెట్టు బిడ్డా, ఎన్ని?"

"ఆరు."

"గా పక్కదానికి?"

"దానికీ ఆరే."

"అన్ని ఒక్క దిక్కే వాలినయా?"

"ఆఁ."

"అయితే అవి చుక్కల కొమ్ములు గావు. వంద తువ్వాళ్లల్ల ఒక్క తీరు తప్పు, ఒక్క జాగలనే వస్తే, పోగును తిట్టద్దు. మగ్గాన్ని సూడాలె. ఆ దుర్భిణిల ఏదో ఆరు మూలలది ఉన్నది."

భవాని నవ్వుతూనే ఫోన్లో వెతికింది. దాని అద్దం ముక్కలు నిజంగానే ఆరు మూలలవి.

మరుసటి వారం పగ తీర్చుకుందామనుకుంది. ఇంట్లో కాల్చిన జొన్నరొట్టెను ఫొటో తీసి, చుట్టూ నలుపు చేసి, పెద్దబాపుకు పంపింది. కింద వాయిస్ మెసేజీ కూడా పెట్టింది: "గురుగ్రహం చందమామ పెద్దబాపూ! నిన్ననే తీసిండ్రట!"

పది నిమిషాలకు జవాబొచ్చింది.

"పోరీ, నీ చందమామ మీద మూడు వేళ్ల అచ్చులున్నయి. ఒక దిక్కు మాడింది. మీ అవ్వకు మంట తగ్గియ్యమని చెప్పు."

సాయంత్రం ఇంటికి వెళ్లి, ఓడిపోయినందుకు జుల్మానా ఏమిటని అడిగింది. మగ్గం మీద కూర్చుని నాలుగు పోగులు నేశాడు. ఆగాడు.

"బొమ్మలల్ల ఎవడో రంగులద్దుతడు బిడ్డా. నీ అసోంటోళ్లు రొట్టెలు వెడ్తరు. నాకు అసలుది సూపియ్యి. ఓపారి. ఈ కన్ను ఉండంగ."

భవాని తమాషా చేద్దామని వచ్చి ఇరుక్కుపోయింది.

వెతికితే దొరికాడు జోయల్ సారు. బడిలో ఫిజిక్స్ చెబుతాడు. సొంతంగా కొనుక్కున్న దుర్భిణి ఒకటుంది. నవంబర్ ఆఖర్లో కాలేజీ గ్రౌండులో సాయంత్రం ఏడింటికి పిల్లలకు చంద్రుణ్ణీ శనినీ చూపిస్తానన్నాడు. పెద్దవాళ్లూ రావచ్చు. ఏ రోజు? శనివారం.

ఇది వినగానే దుర్గవ్వ చేతిలో చేట కింద పెట్టేసింది.

"శనివారం నాడు శనిని సూసుడా? అదీ కన్నుల కన్ను వెట్టి? ఏందయ్యా నీకు పుట్టిన బుద్ధి! ఆయిన సూపు తగిలే ఒక కన్ను వోయింది."

"శని తగలలే, నాడె తగిలింది."

"నాడెను ఎవలు ఇసిరిన్రు?"

ఆలోచిస్తే మంచి ప్రశ్నే. చివరికి రాజీ కుదిరింది. ఆయన పొద్దున నువ్వులనూనెతో తలంటుకోవాలి, నల్లబట్ట ఒకటి వెంట తీసుకెళ్లాలి, దుర్గవ్వ కూడా వస్తుంది. చూడ్డానికి కాదు, కాపలాకు.

గ్రౌండుకు చేరేసరికి యాభై మంది పిల్లలు వరుసలో ఉన్నారు. సగానికి కొంచెం పెద్దగా చందమామ నడినెత్తిన ఉన్నాడు. ఆయన పక్కనే, రెప్పలాడించకుండా, ఒక పసుప్పచ్చ చుక్క. "గదే" అంది భవాని. రాజమల్లయ్య మెడ ఎత్తి చూడబోయాడు. అర కన్నుకు ఎక్కడ వెతకాలో తెలియలేదు. చంద్రుడైతే దొరికాడు. పక్కన ఏదో ఉన్నట్టు, లేనట్టు.

వరుసలో గంటసేపు నిలబడ్డారు. దుర్గవ్వ పక్కన నేల మీద కూర్చుని, నల్లబట్ట ఒళ్లో పెట్టుకుని, దుర్భిణి వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తోంది.

ఆయన వంతు వచ్చింది. గ్రౌండు మూల పెద్ద స్తంభం లైటు నేరుగా మొహం మీద కొడుతోంది. జోయల్ సారు, "కాకా, లైటు అడ్డమొస్తే జర ఏదన్న బట్ట తలమీద కప్పుకో" అన్నాడు. దుర్గవ్వ లేచి ఆ నల్లబట్టనే భర్త నెత్తిన కప్పింది. శనికి ఇద్దామని తెచ్చిన బట్ట శనిని చూడ్డానికి పనికొచ్చింది. ఆమెకు ఇది మంచి శకునమో చెడ్డ శకునమో అర్థం కాలేదు.

రాజమల్లయ్య వంగాడు. ఎడమకన్ను గొట్టానికి ఆనించాడు. అంతా చీకటి. తల ఇటు జరిపాడు, అటు జరిపాడు. అప్పుడు కనిపించింది. ఆవగింజంత వెలుగు. అటూ ఇటూ ఏదో ఉంది... ఏముందో తేల్చుకుందామని ఊపిరి బిగబట్టేసరికి అది మెల్లగా పక్కకు జరిగింది. అంచుకు పోయింది. ఆరిపోయింది.

నల్లబట్ట కింద నుంచి కేక వినిపించింది.

"కన్ను వోయింది! దుర్గా, నా కన్ను వోయింది!"

గ్రౌండంతా గొల్లుమంది. పిల్లలు వెనక్కి ఉరికారు. దుర్గవ్వ చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి భర్తను గట్టిగా పట్టుకుంది.

"వద్దంటే ఇన్నవా! శనివారం వద్దంటే ఇన్నవా! ఓ సారూ, నీ గొట్టం పాడుగాను, ఏం జేసినవ్ మా ఆయినను?"

"అమ్మా, అమ్మా, జర ఆగు" అని జోయల్ సారు బట్ట తీశాడు. రాజమల్లయ్య రెండు చేతులతో కన్ను మూసుకుని ఉన్నాడు.

"కాకా, కండ్లు తెరువు. నేను కనిపిస్తున్ననా?"

రాజమల్లయ్య వేళ్ల సందులోంచి చూశాడు. మీసం కనిపించింది. మీసం వెనక సారు కనిపించాడు.

"కన్ను పోలే కాకా. శనే పోయిండు. మనం నిలవడ్డ ఈ భూమి తిరుగుతుంటది గద, గందుకని గొట్టంలకెల్లి ఒక్క నిమిషంల బయటికి జారుతడు. నేను మళ్ల తిప్పుత."

"నడుస్తున్న మగ్గం మీద కూసున్నమన్నట్టు" అన్నాడు రాజమల్లయ్య. భవాని నవ్వబోయి, పెద్దబాపు చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోవడం చూసి మానుకుంది.

రెండోసారి వంగాడు. ఈసారి దుర్గవ్వ ఆయన నడుము పట్టుకుని నిలబడింది, శని లాక్కుపోతే వెనక్కి గుంజడానికి.

ఆవగింజ మళ్లీ వచ్చింది. దాని నడుమ అటు నుంచి ఇటు ఒక గీత. అంతే. పూసలో గుచ్చిన పోగులా ఒకే ఒక్క వెలుగు గీత. పడుగు లేదు. వరుసలు లేవు. సందు అసలే లేదు.

"సారూ, వలయమేది?"

"గదే కాకా, ఆ సన్నటి గీత."

"ఒక్క పోగే ఉన్నది. మిగిలినయి ఏడవోయినయి?"

"ఏడికీ పోలే. పళ్లాన్ని పైకెల్లి సూస్తే గుండ్రంగ కనిపిస్తది గద. అదే కంటికి సమానంగ పట్టుకుంటే అంచొక్కటే కనిపిస్తది. ఇప్పుడు శని మనకు అంచు సూపిస్తుండు. పదిహేనేండ్లకోపారి గిట్ల ఐతది. గది ఈ ఏడాదే పడ్డది."

రాజమల్లయ్య గొట్టం వదల్లేదు. ఇరవై ఏళ్లు ఎదురుచూసి వస్తే శనిదేవుడు సరిగ్గా పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆ పక్కకు తిరగడం కూడా ఇప్పుడే తిరగాలా!

"మళ్ల ఎప్పుడు తెరుస్తడు?"

"వచ్చే ఏడాది జరంత. మూడేండ్లకు మంచిగ కనిపిస్తది, సందు సుత కనిపించొచ్చు. పూర్తిగ తెరుసుకోవాలంటే ఏడేండ్లు."

"ఏడున్నర అనలే, గంత వరకు నయం" అంది దుర్గవ్వ వెనక నుంచి. వరుసలో ఉన్న పెద్దవాళ్లు నవ్వారు. రాజమల్లయ్య నవ్వలేదు. తలెత్తి సారు గొంతు వినిపించిన వైపు తిరిగాడు.

"సారూ, కనిపియ్యకున్నా సరే. ఒక్కటి చెప్పు. ఆ సందుల పోగులు తెగినయా, ఎక్కియ్యలేదా?"

జోయల్ సారుకు అర్థం కాలేదు. భవాని అడ్డుపడి, గబగబా పన్నె గురించీ పడుగు గురించీ చెప్పింది. సారు మొహం మెల్లగా మారింది. పిల్లల వరుస గొడవ చేస్తున్నా పట్టించుకోకుండా వచ్చి ముసలాయన ముందు గొంతుకూర్చున్నాడు.

"రెండూ కాదు కాకా. అవి పోగులు గావు, మంచు గడ్డలు, కోట్లల్ల. ఒక్కోటి ఒక్కో బాటల తిరుగుతుంటది. వలయం బయట ఒక చిన్న చందమామ ఉన్నది. అది ఒక్క సుట్టు తిరిగేలోపు, సందుకాడ ఉండే గడ్డలు రెండు సుట్లు తిరుగుతయి. అంటే రెండు సుట్లకోపారి ఆ చందమామ గుంజుడు వాటికి ఒక్క జాగలనే తగులుతది. ఊకె గుంజంగ గుంజంగ, ఆ జాగల గడ్డలు నిలవలే. ఖాళీ అయింది."

రాజమల్లయ్య కాలు ఒకటి, మగ్గం తొక్కుడుచెక్క మీద ఉన్నట్టు, రెండుసార్లకొకసారి నేలను నొక్కుతోంది. లెక్క చూసుకుంటున్నాడు.

"తెగలే" అన్నాడు చివరికి. "మరువలే. బయటికెల్లి గుంజిన్రు."

"గంతే కాకా."

"గదేం కొత్త సంగతి సారూ" అంది దుర్గవ్వ. "భివండి గుంజితే మా గల్లీల ఎన్ని ఇండ్లు ఖాళీ కాలే? రెండేండ్లకోపారి వచ్చి పది దినాలుండి పోయేటోని పెండ్లాన్ని నేను. నన్నడిగితే ఇరవై ఏండ్ల కిందనే చెప్తుంటి."

రాజమల్లయ్య భార్య చేయి కోసం గాలిలో తడిమాడు. చేయి దొరికింది గానీ ఆమె మొహం మాత్రం రోడ్డు వైపే ఉంది.

"నువ్వు సుత సూడు దుర్గా" అన్నాడు.

"నాకొద్దు."

"రెండు కండ్లున్నదానివి. నాకు ఒక్క పోగే కనిపిస్తుంది. నీకెన్నో చెప్పు. ఈ అర కన్నును నేను నమ్మ."

ఆమె కాసేపు నిలబడింది. తర్వాత కొంగు నెత్తి మీదికి లాక్కుని, లోపల ఏదో మంత్రం గొణుక్కుంటూ వంగింది. వంగి చాలాసేపు లేవలేదు.

"ఒక్కటే" అంది. "ఒక్కటే పోగు. మస్తు సన్నగున్నది పాపం. గింత సన్నపోడు ఊరందరిని ఎట్ల బెదిరిచ్చిండు?"

తొమ్మిదింటికి పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. జోయల్ సారు వైర్లు చుడుతున్నాడు. భవాని ఆటో మాట్లాడింది. రాజమల్లయ్య దుర్భిణి దగ్గరే ఉన్నాడు.

"సారూ, ఇంకొక్కపారి."

సారు వైర్లు కింద పెట్టి, గొట్టం సరిచేసి, జరిగాడు. రాజమల్లయ్య వంగాడు.

"పెద్దబాపూ, ఆటో ఆగింది" అంది భవాని.

"ఆగనియ్."

"మూడేండ్లకు నేను తీస్కస్త గద. గప్పుడు సందు సుత సూస్తవ్. నీకు గప్పుడు కనిపియ్యకుంటే నేను సూసి చెప్త, పోగు పోగు లెక్కవెట్టి చెప్త."

"నువ్వు రొట్టె సుత చందమామ అన్నవు."

"ఏ! గది తమాషా గద పెద్దబాపూ. గిది తమాషా కాదు."

ఆయన తల తిప్పకుండా ఒక చేయి వెనక్కి చాచి ఆమె నెత్తి మీద పెట్టాడు. చేయి అక్కడే ఉంచాడు. శని అంచుకు జారినప్పుడల్లా "తిప్పు సారూ" అంటున్నాడు, సారు తిప్పుతున్నాడు. రోడ్డు మీద ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి, విసిగి, ఇంజను ఆపేశాడు.

"కన్ను నీరు గారుతుందయ్యా" అంది దుర్గవ్వ. "జర రెప్ప వెయ్."

"వెయ్య."

"ఎందుకు వెయ్యవ్?"

"రెప్ప వేసినంతల గా సందు తెరుసుకుంటే?"